హయాతె చూపు

"ఏమే, దీని బొచ్చు మళ్ళీ నా సూటుకి అంటింది. పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని ఏం వెలగబెడుతున్నావు?"

మొగుడు అరుస్తున్నా, కిసాకో వరండాలో హయాతెను దువ్వుతూనే ఉంది. వసంతం వస్తే చాలు, ఈ షిబా కుక్కలకు లోపలి బొచ్చంతా ఊడుతుంది. ఎంత దువ్వినా ఇంకా మిగిలే ఉంటుంది. చాపల సందుల్లో అదే, మిసో పులుసులో అదే. గోళ్ళు తీయబోతే పీక కోస్తున్నట్టు కేకలు. వానైనా మంచైనా రెండు పూటలా తిప్పాలి, మనసు పుట్టకపోతే నడివీధిలో చతికిలబడుతుంది. పిట్ట కొంచెం, కూత ఘనం. "మగపుట్టుకంటే అలా ఉండాలి!" అని అత్తగారికి ఎంత మురిపెమో. అదే కోడలు ఒక్కసారి 'కాదు' అంటే పొగరు.

చెల్లెలి టీ కొట్టులో పనికి వెళ్తానని అడిగినప్పుడు మొగుడు యొషికాజు పేపరు కూడా దించలేదు. "నువ్వు పోతే కుక్కనెవరు చూస్తారు?" అన్నాడు. ఇంటికి ఎవరొచ్చినా మాత్రం, "ఈ జాతి ఒక్క యజమానినే ఎరుగుతుందండీ," అని ఛాతీ విరిచేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది.

ఏటి ఒడ్డున కుక్కల పోటీ జరిగింది. బరిలో యజమానే కుక్క పెదవులెత్తి న్యాయనిర్ణేతకు పళ్ళన్నీ చూపించాలి. నాలుగేళ్ళలో ఒక్కనాడూ దాని నోరు ముట్టని యొషికాజు చెయ్యి చాపాడు. హయాతె గుర్రుమని, ఊరంతా వినబడేలా కెవ్వుమంది. బరి చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడ్డవాళ్ళు నవ్వారు.

"ఏమే! చూస్తావేంటి, రా!"

న్యాయనిర్ణేత సరేనని తలాడించాడు. కిసాకో తాడు కింద నుంచి దూరింది. మొగుడి పరువు కోసం కాదు, ఆ వెర్రిది వణుకుతోందని. మోకాళ్ళ మీద కూర్చుని, "ఏదీ, నాన్నా," అంది. రోజూ పొద్దున్నే పళ్ళు తోమించుకునే నోరు బుద్ధిగా తెరుచుకుంది.

"ఒక్క పన్ను తక్కువ లేదు. ఎంత శుభ్రంగా పెంచారండీ!" అన్నాడు న్యాయనిర్ణేత, యొషికాజుతో.

"ఏదో, మీ దయ," అంటూ అతను నడుము వంచాడు.

పతకం వచ్చింది. ఫొటో దిగేటప్పుడు యొషికాజు, "నువ్వు జరుగు. కెమెరా వెనక నిలబడి పిలువు, చెవులు నిక్కబొడవాలి," అన్నాడు. ఆమె పిలిచింది.

ఆ ఫొటో ఇప్పుడు ముందుగదిలో ఉంది. ఆదివారం వచ్చిన స్నేహితులు దాని ముందు నిలబడి ముచ్చటపడ్డారు. "ఆ చూపు చూడండి!" అన్నారు.

"మరి? యజమానిని చూస్తోంది," అన్నాడు యొషికాజు.

టీ కప్పులు దించుతున్న కిసాకో, "అవునండీ, నన్నే చూస్తోంది," అంది.

ఆమె దువ్వెన, పళ్ళ బ్రష్షు తెచ్చి అతని కప్పు పక్కన పెట్టింది.

"రేపటి నుంచి నేను చెల్లెలి కొట్టుకు వెళ్తున్నాను. నోరు తెరవమని దాన్ని మీరే బతిమాలుకోండి."