చెవిగా మారిన మైకు బాకా

నేను ఒక మైకు బాకాను. అవునండీ, పెళ్ళిపందిట్లో రాటకు కట్టగానే ఊరందరి నిద్రా చెడగొట్టే ఆ అల్యూమినియం బాకానే. విజయనగరంలో ఒక రేకుల పనివాడు నన్ను ఒక కొసన వేలు పట్టేంత సన్నంగా, మరో కొసన చాటంత వెడల్పుగా మలిచాడు. మొదట నాటకాల కంపెనీలో రాజుల పద్యాలు మోశాను. తర్వాత ఎన్నికల జీపెక్కి పొద్దున ఒక పార్టీకీ, సాయంత్రం ఇంకో పార్టీకీ జై కొట్టాను. మనుషులు ఆ పని చేస్తే తప్పంటారు గానీ నన్నెవరూ ఏమీ అనలేదు. చివరికి సౌండు సిస్టం తవిటినాయుడి చేతిలో పడ్డాను.

ఆ ఏడు చైత్రంలో పక్షిప్రేమికుల సంఘంవాళ్ళు రెండు రోజుల పిట్టల పండగ పెట్టారు. మొదటిరోజు బీల దగ్గర, రెండోరోజు అనంతగిరి అడవిలో. బీలంటే ఎండల్లోనూ నీళ్ళు నిలిచి ఉండే చిత్తడినేల. పిట్టల్ని చూడ్డానికొచ్చినా సరే, సభ లేకపోతే మనవాళ్ళకు తోచదు కదా! నన్ను గట్టుమీద గెడకు కట్టించారు. తవిటినాయుడు "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నాడో లేదో, నీళ్ళమీదున్న కొంగలూ బాతులూ సమస్తం గుప్పున లేచిపోయాయి. స్వాగతోపన్యాసం ఖాళీ బీలకే వినిపించాం. తిట్లన్నీ నాయుడికే.

"నానేటి సేసినానండీ? మైకు ఎట్టమన్నది మీరే కదేటి!" అన్నాడు పాపం.

ఆ గుంపులో నవ్వింది ఒక్కరే, వరహాలమ్మ టీచరు. డెబ్భై దాటిన రిటైర్డు సైన్సు టీచరు. ఆవిడకు నా అరుపు సగమే వినిపించింది మరి. చెవి మిషను పెట్టుకుంటే గాలీ, ఆకులూ, పక్కవాళ్ళ దగ్గూ కలిసి ఒకటే రొద. బీలలోనైతే కళ్ళతో పని గడిచిపోతుంది. కానీ ఆవిడ వచ్చింది కొండ కోకిల కోసం. వసంతంలో ఎత్తయిన కొమ్మల్లో దాక్కుని నాలుగే స్వరాలు కూసే పిట్ట అది. కనపడదు, వినాల్సిందే. మూడు వసంతాలుగా ఆవిడకు ఆ కూత వినపడలేదు. వచ్చే ఏటికి చెవులు పూర్తిగా పోవచ్చని డాక్టరు చెప్పేశాడు.

మర్నాడు తెల్లారేసరికి కొండెక్కాం. నన్ను లోయ పక్కన ఆపిన జీపులోనే పడేశారు, ముట్టుకుంటే ఊరుకోమని నాయుడికి వార్నింగు కూడానూ. అంతలో లోయ అంచున కూత! అందరూ "అదిగో, అదిగో" అని గంతులేస్తున్నారు. టీచరమ్మ అరచెయ్యి దొప్పలా చెవి వెనక పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. మొహం చిన్నబోయింది.

"నాకేమీ వినపడ్డం లేదు నాయుడూ" అంది.

నాయుడు ఆ చేతిని చూశాడు. నన్ను చూశాడు. ఒక్క ఉదుటున వచ్చి, నా సన్నకొసకు బిగించి ఉన్న యూనిట్‌ని, అంటే శబ్దం పుట్టించే ఆ డబ్బాని, తిప్పి ఊడబీకాడు. ఓరి నాయనో, నా గొంతే పోయిందనుకున్నాను! నన్ను భుజానికెత్తుకుని పరుగెత్తాడు.

"టీచరమ్మా, సెయ్యి సాల్దు. ఇది ఎట్టి సూడండి" అని నా సన్నకొస ఆవిడ చెవికి ఆనించి, వెడల్పు మూతి లోయవైపు తిప్పి పట్టుకున్నాడు.

బుద్ధెరిగాక నాలోంచి శబ్దం బయటికి పోవడమే గానీ లోపలికి రావడం ఎరగను. ఏం చెప్పమంటారు! గాలి వచ్చింది, ఎండుటాకుల గలగల వచ్చింది, ఆ వెనకే నాలుగు స్వరాలు నా ఒంట్లోంచి జారి ఆవిడ చెవిలో పడ్డాయి. నాకు ఒళ్ళంతా జలదరించింది. టీచరమ్మ నా అంచు గట్టిగా పట్టుకుంది. కళ్ళు కారుతున్నాయి, నోరు నవ్వుతోంది.

"రెండున్నాయర్రా!" అంది.

"ఒకటే మేడం" అన్నారు గుంపులోవాళ్ళంతా.

"కాదు. లోయ అవతల ఇంకోటి బదులు పలుకుతోంది. నాయుడూ, నువ్వు రా, విను."

నాయుడు చెవి ఆనించి ఊపిరి బిగబట్టాడు. కాసేపటికి, "ఔనండి. రెండున్నాయి. అవతల్ది శానా దూరంల ఉంది" అన్నాడు.

ఇంకేముంది, గుంపంతా నా ముందు వరస కట్టింది. నా జన్మలో జనం నన్ను చూసి చెవులు మూసుకోవడమే గానీ, చెవులు పట్టుకొచ్చి ఎగబడటం అదే మొదలు. అందరికంటే ముందున్న సంఘం కార్యదర్శి నా మీద చెయ్యి వేశాడు.

టీచరమ్మ నన్ను లాక్కుని మళ్ళీ తన చెవికి పెట్టుకుంది.

"ఆగండర్రా! మీకు చెవులున్నాయిగా!" అంది.