గాలి మాస్టారి శిష్యుడు

డాక్టరు చెప్పింది రెండే ముక్కలు. బీపీ కాస్త ఎక్కువుంది కాబట్టి ఉప్పు తగ్గించాలి, రోజూ నడవాలి. ఉప్పు తగ్గించడం ఆయనకు నచ్చలేదు. నడవడం అసలే నచ్చలేదు. అందుకని ఇంటికొచ్చి, తనకు ఒత్తిడి మితిమీరిందనీ, ఇకనుంచి తనను తాను చూసుకోవాలనీ భార్యకు చెప్పాడు. ఇన్నాళ్లూ ఆయన్ని ఎవరు చూసుకున్నారో ఆవిడ అడగలేదు. అడిగితే అదీ ఒక ఒత్తిడే అంటాడని తెలుసు.

ఆవిడ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. దగ్గేవాళ్లనీ ఆయాసపడేవాళ్లనీ మిషను ముందు నిలబెట్టి, "గాలి పీల్చండి, ఆపండి, ఇక వదలండి" అంటూ పొద్దంతా అరవడమే పని. మొగుడు సరిగ్గా ఆ మాటలే చెప్పే మనిషిని ఫోన్లో వెతికి పట్టుకుని, నెలనెలా ఫీజు కట్టి మరీ చెవుల్లో పెట్టుకుని వింటుంటే ఆవిడకు నవ్వు కూడా రాలేదు. ఆ ఫోన్ మనిషికి 'గాలి మాస్టారు' అని పేరు పెట్టింది అత్తగారు.

మాస్టారి ఆజ్ఞ ప్రకారం శిష్యుడికి ఒక గది కావలసివచ్చింది. కూతురి పుస్తకాలు భోజనాల బల్ల మీదికొచ్చాయి. కూతురి గదిలోకి మెత్తటి చాప, వాసన కొవ్వొత్తులు వెళ్లాయి. ఆయన లోపల గడియ పెట్టుకున్నంతసేపూ మిక్సీ తిప్పకూడదు, గిన్నె చప్పుడు కాకూడదు, పిల్ల పాఠం పైకి చదవకూడదు. బయటికొచ్చాక మొహమంతా శాంతి పులుముకుని, "కూర చల్లారిపోయిందేంటి?" అనేవాడు.

"మీరు ఊపిరి బిగబడితే పొయ్యి కూడా బిగబట్టిందండీ" అనేది ఆవిడ.

"అదిగో, ఆ వెటకారమే వద్దనేది. నువ్వు కూడా రోజూ కాసేపు నీకోసం కేటాయించుకో. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

"కేటాయించుకుంటా. గిన్నెలెవరు తోముతారు?"

"నీతో మాట్లాడితే నా బీపీ పెరుగుతుంది" అని ఆయన మళ్లీ గదిలోకి పోయేవాడు.

ఆ ఆదివారం ఆవిడ మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. పొద్దున డ్యూటీకి రావలసిన మనిషి రాకపోవడంతో, రాత్రి డ్యూటీ మీద అదీ చేసొచ్చింది. ఎక్స్‌రే కిరణాలు సోకకుండా తొడుక్కునే బరువైన సీసపు ఏప్రాను మోసి మోసి భుజాలు లాగేస్తున్నాయి. మెట్ల మీద నీళ్లు పారుతున్నాయి. కింది ఇంటి దర్జీ తడిసిన బట్టలు చంకన పెట్టుకుని పైకే వస్తున్నాడు.

"ఏంటమ్మా ఇది, మీ ఇంట్లో చెరువేమైనా తెగిందా? ఇవన్నీ రేపు ఇచ్చేయాల్సిన బట్టలు!"

లోపల వంటింటి కొళాయి ఊడిపోయి నీళ్లు చిమ్ముతున్నాయి. అత్తగారు గుడ్డ కుక్కి రెండు చేతులతో అదిమిపట్టుకుని నిలువెల్లా తడిసిపోయింది. కూతురు బకెట్లతో ఎత్తిపోస్తోంది.

"నాన్నని పిలవలేదా?"

"తలుపు బాదానమ్మా. తియ్యలేదు."

"బయటి గొడవల్ని సాగిపోనివ్వాలమ్మా అన్నాడే నాతో" అంది అత్తగారు. "సాగిపోతున్నాయి మరి, దర్జీ ఇంట్లోకి."

ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా వెళ్లి మెయిన్ వాల్వు కట్టేసింది. అప్పటికే నీళ్లు గది తలుపు కిందనుంచి దూరి చాప దాకా వెళ్లినట్టున్నాయి. గడియ ధడాలున తీసుకుని ఆయన ఊడిపడ్డాడు. పైజామా వెనకంతా తడి.

"బుద్ధుందా మీకెవరికైనా? ఈ కొంపలో మనిషిని క్షణం ప్రశాంతంగా బతకనివ్వరా?"

ఆ గొంతుకు గుమ్మంలో దర్జీ కూడా ఒక మెట్టు కిందికి దిగాడు. ఆవిడ మొగుణ్ణి కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. కాళ్లు బాగున్నాయి, చేతులు బాగున్నాయి, నడుం వంగడానికి ఏ అడ్డూ లేదు. ఇన్నేళ్లూ ఈ మనిషిని గాజుబొమ్మలా ఎందుకు మోసిందో ఆవిడకు అంతుబట్టలేదు. కూతురి చేతిలోని బకెట్టు తీసి ఆయన కాళ్ల ముందు పెట్టింది.

"నేను పడుకుంటున్నానండీ. ముందు దర్జీగారిల్లు తుడిచి రండి, తర్వాత మనిల్లు. ఆ బట్టలు ఉతికించి, ఇస్త్రీ చేయించి ఇవ్వండి. ప్లంబర్ని పిలవండి."

"నేనా? నా బీపీ సంగతేంటి?"

"నడవమన్నాడుగా డాక్టరు. మెట్లు దిగండి."

ఆయన సాయం కోసం తల్లి వైపు చూశాడు. అత్తగారు కొంగు పిండుకుంటూ, "మూలలు కూడా తుడువు, ఒరేయ్" అంది.

కొవ్వొత్తీ లేదు, మాస్టారూ లేడు. మంచమెక్కిన మరుక్షణం ఆవిడకు ఒళ్లు తెలియలేదు. కళ్లు తెరిచేసరికి సాయంత్రమైంది. నేల ఆరింది. పిల్ల తన పుస్తకాలు తన గదిలోకి తనే చేర్చుకున్నట్టుంది, అక్కడినుంచి పాఠం గట్టిగా వినిపిస్తోంది. అత్తగారు టీ గ్లాసుతో మంచం పక్కకొచ్చింది.

"లేవకు, పడుకునే తాగు."

"తుడిచారా?"

"తుడిచాడు. మొదటిసారి దొంగ తుడుపు తుడిస్తే మళ్లీ తుడిపించా."

వరండాలో ఆయన ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు: "నేల తుడుస్తుంటే ఒత్తిడి ఎలా దిగిపోతుందో తెలుసా! ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టా."

"వీడి మొహం మండా" అంటూ అత్తగారు అటు కదలబోతే, ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వదిలెయ్యండి అత్తయ్యా. అంత గొప్పగా కనిపెట్టినాయన రేపు తుడవనని అనలేడుగా."

గ్లాసు ఖాళీ చేసి, గోడవైపు తిరిగి, మళ్లీ ముసుగుతన్నింది.