కుప్పలు తెలిసిన యాప్

జగదల్‌పూర్‌లో ఆరు వారాల డయాలిసిస్ శిక్షణకు నన్ను ఎంపిక చేశారు. బచేలీ ఆసుపత్రిలో పదకొండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్న నాకు ఇది రెండో పిలుపు. మొదటిసారి ఇల్లు చూసుకోవాలని మానేశాను. ఈసారీ మానేస్తే మరి పిలవరని మా ఆసుపత్రి హెడ్ నర్సు ముఖం మీదే చెప్పేసింది. వెళ్తానని అక్కడే సంతకం పెట్టి వచ్చాను.

మా అత్తగారు వింటూనే మూతి ముడిచారు.

"నువ్వెళ్తే ఈ ఇంట్లో ఉప్పుంటాదా? చక్రికి కొత్తిమీరకీ పుదీనాకీ తేడా తెలీదు."

చక్రి అంటే మా ఆయన చక్రధరరావు, గనిలో షిఫ్టు ఇన్‌చార్జి. అక్కడ నలభై మందికి పని చెబుతారు గానీ, ఇంట్లో ఏం తేవాలో నేను చెప్పాలి. మా అమ్మాయి స్రవంతికి పన్నెండో తరగతి, పైగా ట్యూషన్లు. అందుకని నేనే తేల్చేశాను. అందరి ఫోన్లలోనూ ఒకే సరుకుల జాబితా కనిపించే యాప్ ఒకటి పెట్టుకుంటాం, ఎవరికి ఖాళీ ఉంటే వాళ్లు తెస్తారు.

స్రవంతి మొదట పెట్టిన యాప్ చూడముచ్చటగా ఉంది. వారపు సంతలో జనం పెరిగి నెట్ ఆగేసరికి తెల్ల తెర మిగిలింది. తీసేయించాను.

రెండోది నెట్ లేకపోయినా పనిచేసింది గానీ, దానికి కిలోలు తప్ప ఇంకేమీ తెలియవు. మా సంతలో కూరగాయలమ్మే సోమ్లీ లాంటివాళ్లు గోనెపట్టా మీద కుప్పలు పోసి అమ్ముతారు. పచ్చిమిరపకాయలు రెండు కుప్పలైతే మాకు వారమంతా సరిపోతాయి. నేను రెండు అని కొట్టాను. అది పక్కన కిలోలు తగిలించింది. మా ఆయన రాసింది రాసినట్టు చేసే మనిషి. సోమ్లీ గంప ఖాళీ చేసుకుని, నవ్వుకుంటూ పెందలాడే ఇంటికి పోయిందట.

"రెండు కిలోలు ఏం చేసుకుంటామని ఒక్కసారైనా అనిపించలేదా?" అన్నాను.

"లిస్టులో ఉంది కదా. పచ్చడి పెడతావేమో అనుకున్నా" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అత్తగారికి మాత్రం పండగే. మూడు రోజులు ఆ మిరపకాయల మాటే.

మూడోది నేనే వెతికాను. మన మాటల్లో ఏం రాసినా ఒప్పుకుంటుంది, కుప్ప అంటే కుప్పే. చదువురాని అత్తగారు నోటితో చెబితే రాసుకుంటుంది కూడా. ఆవిడ ముందు ముట్టుకోలేదు.

"ఇంట్లో ఏం నిండుకుందో మీకు తెలిసినట్టు నాకు తెలీదత్తయ్యా. మీరే చెప్పండి" అన్నాను. పొగడ్తకి అన్న మాట కాదది, నిజం. రెండు రోజుల్లో జాబితా నిండా ఆవిడ మాటలే. చింతపండు, నల్లది వద్దు. చిక్కుళ్లు ఒక కుప్ప, లేతవి చూసి.

నా ప్రయాణానికి ముందురోజు సంత. మా ఆయన వెళ్లారు. నేను బట్టలు సర్దుకుంటుంటే పావుగంటలో ఫోన్ మోగింది. ఆయనే. ఇప్పుడు ఎత్తితే ఆరు వారాలూ ఎత్తాల్సిందే. ఎత్తకూడదని పంతం పట్టాను. అయినా చెయ్యి అటే వెళ్తోంది.

అత్తగారు గబగబా వచ్చి ఫోన్ లాక్కున్నారు.

"ఏరా చక్రీ, అంతా అందులో చెప్పేను కదా! చదువుకున్నోడివి, చూసి తెచ్చుకో. అది సర్దుకుంటోంది, రేపు పొద్దున్నే దానికి బస్సుంది."

ఫోన్ మంచం మీద పడేశారు. మడత పెడుతున్న చీర పట్టుకునే ఆవిడ వైపు చూశాను.

"ఇంకా అలా చూస్తావేటి? ఆ స్వెట్టరు కూడా పెట్టుకో" అన్నారు.