మాడిన బురద

చీకట్లో ఒక నలుసు మెరిసింది.

నూనె చుక్కకు అవతల, కటకానికి అవతల, చిన్న బూడిదరంగు వెలుగు. మనిషన్నవాడు పుట్టక ముందెప్పుడో ఏదో చెట్టు నుంచి రాలి, సముద్రపు బురదలో కూరుకుపోయిన ఆకు కాడ అది. ఇప్పుడు రాయిలో నలుసు. మీట నొక్కితే అది ఎంత వెలుగును తిప్పికొడుతుందో పక్కనున్న తెర మీద అంకె పడుతుంది.

పడింది.

ఎక్కువే.

ఆమె మైక్రోస్కోపు నుంచి కన్ను తీసి, వేళ్ళతో ఒత్తుకుంది. పొద్దుటి నుంచి ఇదే పని. నిన్నా ఇదే. మొన్నా ఇదే...

చెప్పుకోవడానికి తేలికైన పనే. నేల అడుగున ఒకప్పటి సముద్రపు గుంట ఉంది. ఆఫీసులో దాన్ని బేసిన్ అంటారు. అందులో పేరుకున్న బురద నల్లటి షేల్ రాయి అయింది. భూమి లోపలి వేడికి ఆ బురద ఉడుకుతుంది. తక్కువ ఉడికితే పచ్చి — గ్యాస్ పుట్టదు. సరిగ్గా ఉడికితే గ్యాస్ పుట్టి రాయిలోనే దాక్కుంటుంది. మరీ ఉడికితే మాడు — ఉన్నదంతా ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. ఉడికేకొద్దీ అందులోని నలుసుకు మెరుపెక్కుతుంది. మసగ్గా ఉంటే ఆశ. తళతళలాడితే లేదు.

వంటింటి సంగతే. మూత తీసి చూడటానికి వీల్లేదు, అంతే తేడా.

ఈ బేసిన్‌లో నలుసులు తళతళలాడుతున్నాయి.

పరాయి బేసిన్ అయితే ఆ ముక్క రాసేసి ఇంటికి పోయేది. ఇది మామగారి బేసిన్.

ఉద్యోగమంతా ఆయన దాని మీదే నడిచాడు. ఎండలో నడిచాడు. వానలో నడిచాడు. కింద గ్యాస్ ఉందన్నాడు. ఎవరూ నమ్మలేదు. నవ్వుకుని 'గ్యాస్ మాస్టారు' అని పేరు పెట్టారు. అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఆ బేసిన్‌ని సవతి అనే పిలిచింది — "మీ నాన్న నా సవతి దగ్గరికి పోయాడు, రేపొస్తాడులే" అని పిల్లవాడికి చెప్పేదట. ఆ పిల్లవాడే ఈ కోడలి భర్త. ఆమెకు ఈ పని నేర్పిందీ మామగారే. శిష్యురాలి కన్ను నచ్చి కోడల్ని చేసుకున్నాడు. "ఇంట్లో ఇద్దరూ రాళ్ళతోనే మాట్లాడతారు, నేనూ రాయినైపోతే నాతోనూ మాట్లాడతారేమో" అని ఇప్పుడు ఆ కొడుకు మొర.

ఆయన రిటైరయ్యాక, అందరూ మరిచిపోయాక, ఇన్నాళ్ళకు అక్కడ గ్యాస్ కోసం ఒక బావి తవ్వారు. రాతి ముక్కలు ఆమె బల్ల మీదికి వచ్చాయి.

రోజూ సాయంత్రం, ఆమె చెప్పులు విడవక ముందే —

"ఏమంటోందమ్మా మనది?"

"ఇంకా చూస్తున్నాను మామయ్యా."

"చూడు, చూడు. తొందరేం లేదు."

తొందర లేదంటూ గుమ్మంలోనే నిలబడతాడు. ఈ ఒక్క మాట కోసం ఆ మనిషి కళ్ళు కాయలు కాచాయి. ఆమె నీళ్ళు నములుతూ లోపలికి తప్పుకుంటుంది. చెప్పని మాటను రోజూ ఇంటికి మోసుకెళ్ళి, రోజూ మళ్ళీ ఆఫీసుకు మోసుకొస్తోంది. ఒళ్ళు హూనమైపోయింది.

ఒక దారి మాత్రం ఉంది.

బావి నుంచి పైకొచ్చే ముక్కలన్నీ ఆ లోతువే కావు. కొన్ని పైపొరల నుంచి జారిపడి కలిసిపోతాయి. కొన్ని నలుసులు ఆనాడే వేరే చోట మాడి, నీళ్ళలో కొట్టుకొచ్చి ఈ బురదలో చేరినవి. ఏది మనది, ఏది కాదు... చూసే కన్నే చెప్పాలి. మసక నలుసులు ఓ గుప్పెడు ఉన్నాయి. అవే మనవనీ, తళతళలాడేవన్నీ కొట్టుకొచ్చినవనీ రాస్తే బేసిన్ బతుకుతుంది. కాగితం మీద తప్పు పట్టేవాళ్ళు లేరు. కాకపోతే ఆ మాట పట్టుకుని, పొలాల మధ్య బావి మీద బావి తవ్వుతారు. ఒట్టి బావులు.

ఆఫీసు పెద్దసారు తలుపు దగ్గర ఆగాడు. "మీ మామగారి బేసిన్ కదమ్మా. ఉందంటే అందరికీ సంతోషమే. రేపటికి ఏదో ఒకటి చెప్పండి."

అందరికీ సంతోషమే.

మర్నాడు ఆమె మామగారిని వెంటబెట్టుకుని వచ్చింది. తను చెప్పలేకే. పిరికితనమే, ఇంకేం లేదు.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతులు వణుకుతాయి కాబట్టి రాయిని జరిపేది ఆమె. చూసేది ఆయన. అంకెల తెరను గోడవైపు తిప్పేసింది.

మొదటి నలుసు. తళుక్కుమంది.

"మనదే."

ఇంకొకటి.

"ఇదీ మనదే. అంచులు చూడు, ఎంత పదునుగా ఉన్నాయో! ఎక్కడి నుంచో దొర్లుకుంటూ వస్తే అరిగిపోవూ?"

గొంతులో హుషారు. పాత రోజులు వచ్చి కూర్చున్నాయి ఆ కుర్చీలో.

మనదే... మనదే... మనదే.

హుషారు కొంచెం కొంచెంగా తగ్గింది. ఎంత మాడిందో తెలియడానికి ఆయనకు అంకెలు అక్కర్లేదు.

ఆమె మసక నలుసును కటకం కిందికి తెచ్చింది. మనదనండి మామయ్యా... ఒక్కసారి అనండి. మీరంటే నేను రాసేస్తాను.

కిటికీ అవతల ఎవరో మోటారుసైకిల్ స్టార్ట్ చేస్తున్నారు. అది అవడం లేదు.

"ఇది..." అన్నాడు.

"చెప్పండి."

"మనది కాదమ్మా. చుట్టూ మట్టి చూడు, పచ్చిగా గోధుమరంగులోనే ఉంది. పైనుంచి జారిపడింది."

"ఇంకోసారి చూడండి."

"చూశాను."

ఇంకో మసక నలుసు. కాదు. ఇంకొకటి. కాదు. గుప్పెడూ అయిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు.

ఆమెకు ఏడుపొచ్చింది. ఆయన మీదే కోపమూ వచ్చింది. ఒక్క అబద్ధం ఆడితే ఈ మనిషి సొమ్మేం పోయింది!

"అయితే మామయ్యా..."

"మాడిపోయింది. అదే రాసెయ్." ఆయన కన్ను తీయకుండానే అన్నాడు.

ఆమె దీపం ఆర్పబోయింది. ఆయన చెయ్యి గాల్లోకి లేచి, అడ్డంగా ఆగింది.

"ఉండు. ఇంకొకటి చూపించు."

"మసకవి అయిపోయాయి మామయ్యా."

"అవొద్దు. మాడినవి చూపించు. మనవి."

ఆమె మర తిప్పింది. రాయి వెంట్రుకవాసి జరిగింది. చీకట్లో ఒక నలుసు తళతళలాడింది.

ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయాడు...