రెండో గడిలో అయిదు

స్క్రీన్ మీద బంతిని తన్నేలోపు సుందరరామయ్య ఇంకో చెంచా ఉప్మా నోట్లో పెట్టుకున్నాడు. హెల్మెట్ల మనుషులు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునేసరికి నమలడం అయిపోయింది. ఎడంచేత్తో మొదటి గడిలో మూడు, రెండో గడిలో మూడు కొట్టాడు. తర్వాత క్లిప్పు, తర్వాత చెంచా. ఉప్మా చల్లారిపోయి, దాంతో గోడలకి సినిమా పోస్టర్లు అంటించుకోవచ్చు అన్నట్టుంది.

లిమరిక్‌లో (ఐర్లండు) వాళ్ళ అద్దింట్లో అన్నిటికన్నా చిన్నగది అతని ఆఫీసు. ఆ గదిలో మనసు మార్చుకోవాలన్నా నడవాలోకి వెళ్ళి మార్చుకుని రావాలి. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కిటికీ, కిటికీ నిండా వాన. గోడమీద నల్లటి బూజు మొదటి లాక్‌డౌన్‌లో కృష్ణా జిల్లా అంత ఉండేది. ఈ జనవరికి, మూడో లాక్‌డౌన్ వచ్చేసరికి, ఉమ్మడి రాష్ట్రమంత అయింది. ఓనరుకి ఫొటో పంపితే "గ్రాండ్" అని జవాబిచ్చాడు. గ్రాండ్ అంటే ఇక్కడ పర్లేదని. ఈ దేశంలో ఇల్లు కూలినా గ్రాండే.

అతను చేసే పని ఎవరికైనా చెబితే మర్యాదకి తలూపి మాట మార్చేస్తారు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మొదట్లో ఒకడు బంతిని దూరంగా తంతాడు. అవతలివాడు దాన్ని పట్టుకుని ఎదురు పరిగెత్తుకొస్తాడు. వాణ్ణి పడగొట్టడానికి తన్నినవాడి మనుషులంతా అటు పరిగెడతారు. రెండు పెళ్ళిబస్సులు ఒకే లైన్లో ఎదురెదురుగా వచ్చినట్టుంటుంది. దీన్ని కిక్‌ఆఫ్ అంటారు. ఆ గుద్దులాట చూసి మొదటి గడిలో దెబ్బ ఎంత గట్టిదో, రెండో గడిలో ఎక్సైట్‌మెంట్ ఎంతో, ఒకటి నుంచి అయిదు లోపల అంకె వెయ్యాలి. విజిల్ పడగానే క్లిప్పు అయిపోతుంది. ఇన్నేళ్ళలో అతను ఆ తర్వాత ఏమవుతుందో చూడలేదు. ఆ ఆటలో ఎవరు ఎలా గెలుస్తారో అతనికి ఇప్పటికీ తెలీదు. ఊళ్ళో పిల్లలందరికీ అక్షరాభ్యాసం చేయించి, ఒక్కడు కూడా పది పాసవడం చూడని పంతులుగారి బతుకు.

తెనాలిలో ఉన్నప్పుడు గుద్దుకున్న లారీలకి ఇన్సూరెన్సు సర్వే చేసేవాడు. సొట్టలు చూడ్డం అలవాటైన కళ్ళు. భార్య జయశ్రీకి ఇక్కడ నర్సుగా ఉద్యోగం రావడంతో వెనకాలే వచ్చాడు. ఇక్కడి లారీలకి అతని కళ్ళు అక్కర్లేదన్నారు, ఈ పని దొరికింది. పెద్ద తేడా ఏమీ కనపళ్ళేదు. ఒక్కటే, లారీ పల్టీ కొట్టేటప్పుడు ఎంత ఎక్సైటింగ్‌గా ఉందో రాయమని ఏ ఇన్సూరెన్సు కంపెనీ అడగలేదు.

ఈ ఆటలో అతనికి నచ్చినవాడు ఒక్కడే. తన్నేముందు బంతిని ఒక నారింజరంగు ప్లాస్టిక్ పీట మీద నిలబెడతారు. తన్నాక అందరూ అటు చావబోతుంటే, పక్కనుంచి బొజ్జాయన ఒకడు, మాస్కు పెట్టుకుని, బాత్రూమ్‌కి తొందరైనవాడిలా చిన్న చిన్న అడుగులేసుకుంటూ వచ్చి ఆ పీట తీసుకుపోతాడు. ఆయనకి ఏ గడీ లేదు. అయినా సుందరరామయ్య ఆయన వచ్చి వెళ్ళేదాకా తర్వాతి క్లిప్పు నొక్కడు.

పదకొండింటికి శ్రీహర్ష ఫోన్ చేశాడు. కరీంనగర్ అబ్బాయి, టీమ్ లీడ్. అబ్బాయంటే మూడేళ్ళే చిన్న. తన బట్టతల తళతళలాడుతున్నా ఇతన్ని అంకుల్ అని పిలుస్తాడు.

"అంకుల్, రిపోర్టు మీదగ్గర్నే ఆగింది."

"నా దగ్గరేముందయ్యా?"

"పొద్దున ఏసిండ్రు గదా, అయిదు, అయిదు. కొత్త రూల్ క్లిప్పు."

కిక్‌ఆఫ్‌లో కుర్రాళ్ళు మరీ ఎక్కువ దెబ్బలు తింటున్నారని ఓ చిన్న లీగువాళ్ళు కొత్త రూల్ పెట్టి చూస్తున్నారు. రెండు జట్లనీ దగ్గరదగ్గరగా నిలబెట్టారు. అవతలివాడు బంతి పట్టేదాకా ఎవరూ కదలకూడదు. పరిగెత్తే దూరం తగ్గించారు. దెబ్బ తగ్గాలి, సరదా పెరగాలి, క్లయింటు కోరిక అది. ఈ కంపెనీ లెక్క తీసి చూపించాలి.

"సేఫ్ అని చెప్పాలె గదా అంకుల్. మొదటి దాంట్ల రెండు పెట్టుండ్రి. రెండోది అయిదే ఉంచుండ్రి, క్లయింటుకు మస్తు నచ్చింది."

"దెబ్బ రెండైతే ఎక్సైట్‌మెంట్ అయిదెలా వస్తుందయ్యా?"

"వస్తది. గదే గదా కొత్త రూల్ గొప్పతనం."

"ఆ కుర్రాడు లేచాడా?"

"మన క్లిప్పుల లేసుడు ఉండదు గదా అంకుల్." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "నలుగురిల మిమ్ములనొక్కల్నే ఉంచుతున్నరు. రెన్యూవల్ నా చేతులనే ఉన్నది. సాయంత్రం లోపట మార్చుండ్రి, పంపిస్త."

ఫోన్ పెట్టేశాక సుందరరామయ్య నోట్లో ఏదో చేదుగా తగిలింది. నీళ్ళు తాగాడు. నీళ్ళు కూడా బూజు వాసనేశాయి. ఈ పని పోతే మళ్ళీ 'సిస్టర్ జయశ్రీగారి హస్బెండ్' అనే పోస్టే. ఆ పోస్టుకి రెన్యూవల్ అక్కర్లేదు, రిజైన్ చెయ్యడానికీ వీల్లేదు.

నడవాలోకి వెళ్ళి మనసు మార్చుకోబోయాడు. అక్కడ కూతురు మధులిక గోడకి ఆనుకుని ఆన్‌లైన్ క్లాసులో ఉంది.

"డాడ్! ఐయామ్ ఇన్ క్లాస్, లైక్!"

మార్చుకోకుండానే వెనక్కొచ్చి, మొదటి గడిలో అయిదు చెరిపి రెండు కొట్టాడు. పంపే బటన్ మీద వేలు పెట్టాడు, తీశాడు. మధ్యాహ్నమంతా వేరే క్లిప్పులు చూస్తూ, మళ్ళీ మళ్ళీ దీని దగ్గరికే వచ్చాడు.

నాలుగింటికి జయశ్రీ డ్యూటీ నుంచి వచ్చింది. పెరటి గుమ్మంలోనే బట్టలు మార్చుకుని పైకెక్కింది. ముఖం మీద మాస్కు అచ్చులు ఎర్రగా, బెల్టుతో కొట్టినట్టున్నాయి. గదిలో ఇద్దరు పట్టరు కాబట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. అతని స్క్రీన్ మీద మళ్ళీ అదే క్లిప్పు. బంతి పట్టినవాడు పరిగెత్తుకొచ్చాడు. ఎదురుగా ఒకడు తల వంచాడు. దభీమని చప్పుడు. స్పీకర్లో చప్పట్లు, ఈలలు.

"ఆపండి," అంది. "వెనక్కి పెట్టండి."

పెట్టాడు. కిందపడిన కుర్రాడి కుడిచెయ్యి మోచేతి దగ్గర్నుంచి బిగుసుకుపోయి, వేళ్ళు వంకరపోయి, గాల్లో అలాగే నిలబడింది.

"ఆ చెయ్యి వాడు ఎత్తింది కాదండీ, మెదడుకి దెబ్బ తగిలితే అలా బిగుసుకుంటుంది," అంది మెల్లిగా. "అదేమిటి, జనం లేరుగా? చప్పట్లేంటి?"

"కరోనా కదా. రికార్డు చేసినవి వేస్తారు."

"ఆ గళ్ళు?"

"మొదటిది దెబ్బ. రెండోది ఎక్సైట్‌మెంట్."

"ఎవరికి?"

అతను ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవర్నీ అడగలేదు.

"రెండోదాంట్లో అయిదు ఎవరేశారు?"

"నేనే. పొద్దున."

ఆమె చూపు స్క్రీన్ మీంచి బల్ల మీది పళ్ళెం దగ్గరికి వచ్చింది. అంచున ఎండిపోయిన ఉప్మా, అందులో గుచ్చినట్టు నిలబడ్డ చెంచా.

"ఇది తింటూనేనా?"

ఆమె ఛీ అనలేదు, తిట్టలేదు. పళ్ళెం ముట్టుకోకుండా, గుమ్మం ముట్టుకోకుండా, తన చేతులు రెండూ వెనక్కి దాచుకుని స్నానానికి వెళ్ళిపోయింది.

పొద్దున ఆ దెబ్బ పడగానే లోపల్నుంచి "అబ్బ!" అన్నది ఎవరో అతనికి గుర్తొచ్చింది. అంటూ, నమిలాడు కూడా. పళ్ళెం తీసుకెళ్ళి ఉప్మా బిన్‌లో కొట్టి, చేతులు సబ్బుతో, మళ్ళీ శానిటైజర్‌తో కడుక్కున్నాడు. వాసన పోలేదు.

వచ్చి మొదటి గడిలో మళ్ళీ అయిదు వేశాడు. రెండోదాంట్లో సున్నా కొడితే సిస్టమ్ తీసుకోలేదు. ఇక్కడ ఎవడు చచ్చినా కనీసం ఒకటి ఎక్సైట్‌మెంట్ ఉండి తీరాలట. ఒకటి కొట్టి పంపేశాడు.

టీ పెట్టుకునేలోపే శ్రీహర్ష మెసేజీ వచ్చింది. "ఏంది అంకుల్ ఇది. సారీ. ఆరింటికి మీ యాక్సెస్ క్లోజ్ అయితది. లాప్‌టాప్ కొరియర్ల పంపుండ్రి."

ఆరయ్యేదాకా చెయ్యడానికి ఏమీ లేదు. మొదటిసారి, క్లిప్పు అయిపోయినా ఆపకుండా, దాని వెనకున్న అసలు వీడియో తెరిచి వదిలేశాడు.

విజిల్ పడింది. అందరూ కుర్రాడి దగ్గరికి పరిగెత్తారు. బొజ్జాయన కూడా, ఆ చిన్న అడుగులతోనే, పీటని దాటుకుని అటే పరిగెత్తాడు. డాక్టర్లు మోకాళ్ళ మీద కూచున్నారు. చప్పట్లు ఆగలేదు, ఆపాలని ఎవరికీ తోచలేదు. చాలాసేపటికి డాక్టర్లలో ఒకావిడ లేచి, గ్లవ్స్ ఒక్కొక్క వేలూ లాగి తీసేసింది. కుర్రాళ్ళు హెల్మెట్లు తీశారు. బండి వచ్చి వాణ్ణి ఎక్కించుకుంది. వచ్చేటప్పుడున్న తొందర వెళ్ళేటప్పుడు దానికి లేదు. ఒక్కోరోజు జయశ్రీ బస్సు దిగి, వానలో గొడుగు వెయ్యకుండా అలాగే నడిచొస్తుంది. ఆ రోజుల్లో అతను వార్డు సంగతి అడగడు.

స్నానం చేసి వచ్చిన జయశ్రీ గుమ్మంలో నిలబడింది.

ఎవరో చప్పట్ల రికార్డు కట్టేశారు. కుర్రాళ్ళు మైదానం ఖాళీ చేశారు. కెమెరాని మాత్రం ఎవరూ ఆపలేదు. పచ్చటి గడ్డి మధ్యలో, ఎవరూ తీసుకెళ్ళని నారింజరంగు పీట ఒక్కటే, ఇంకో బంతి కోసం నోరు తెరుచుకుని ఉంది.