గంగమణి పేరు మీద పుట్టిన పిల్లలు

బోధన్ దారిలో చెరకు చేల నడుమ ఉన్న ఆ చిన్న దవాఖానలో 1963 దాకా చీటీలే నడిచాయి. రోగి బాధ చెప్పుకుంటే కాగితం ముక్క మీద మందు రాసిచ్చేవారు. ఇల్లు చేరేలోపు అది ఏ వక్కల సంచిలోనో నలిగిపోయేది. ఆ ఏడాది కార్డులు వచ్చాయి. మనిషికో కార్డు, కార్డుకో నంబరు. పోయినసారి ఏం జబ్బు చేసింది, ఏ మందు పడింది, ఏది పడలేదు, అన్నీ అందులోనే రాస్తారు. ఆలోచన బంగారం లాంటిదే. కాకపోతే మనిషికో కార్డన్న మాట చెరకు నరికేవాళ్ల గుడిసెల దాకా వచ్చేసరికి, గుడిసెలన్నిటికీ కలిపి ఒకే కార్డు అయి కూర్చుంది.

ఆ కార్డు గంగమణిది. ఆమెకు నలభై దగ్గర పడుతున్నాయి. భర్త లింబయ్య ఫ్యాక్టరీకి చెరకు బండి తోలేవాడు. ఒకసారి కాలి పుండుకు సూది వేయించుకోగానే ఆమె ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఊపిరి అందలేదు. కళ్ల ముందు చెరకు పూత తెల్లగా ఊగింది, ఆమె అందులోకి తేలిపోయింది. ఎక్కడిదాకా పోయిందో ఆమెకే తెలియదు. తిరిగి కళ్లు తెరిస్తే డాక్టరమ్మ కార్డు మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీస్తోంది.

"పెన్సిలిన్ సూది నీకు పడదు. ఏ దవాఖానకు పోయినా ఈ గీత చూపియ్యి" అంది డాక్టరమ్మ. మగతలో ఉన్న గంగమణి చెవిన చివరి ముక్క ఒక్కటే పడింది.

గుడిసెల్లో ఆడవాళ్లకు ఆ ముక్క చాలు. చావు దాకా పోయిన మనిషిని వెనక్కి తెచ్చిన కార్డు, పైగా కుంకుమ పెట్టినట్టు ఎర్ర గీత. కొందరు డాక్టర్లకు ఉన్నట్టే ఈ కార్డుకు మంచి హస్తవాసి ఉందని తేల్చేశారు. జ్వరమొచ్చినా, విరేచనాలైనా ఆ కార్డే అడిగి తీసుకుపోయి, కొంగు ముఖం మీదికి లాక్కుని, కిటికీ దగ్గర తమ పేరు గంగమణి అని చెప్పేవారు. ఫ్యాక్టరీ ఆడే రోజుల్లో ఆ కిటికీ ముందు జాతరే. లోపల కూర్చుని కార్డులు రాసే సాలేహా బోధన్‌లోని అత్తరు దుకాణం వాళ్లమ్మాయి. తలెత్తి ముఖాలు చూసే తీరిక ఆమెకెక్కడిది?

గంగమణి అడిగినవాళ్లకల్లా కార్డు ఇచ్చింది. కొంత మంచితనమే. అసలు సంగతి వేరే. పక్క గుడిసె దేవవ్వ ఆ కార్డు మీదే కాన్పయి వచ్చి, "నీ పేరు మీద మొగపిలగాడు పుట్టిండక్కా" అంది నవ్వుతూ. గంగమణికి పిల్లలు లేరు. ఆమె నవ్వబోయి, నవ్వలేక, కార్డు తీసుకుని లోపలికి పోయింది. చదువు రాకపోయినా కొత్తగా రాసిన వరస మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. తరవాత మోర్తాడ్ నుంచి కూలికి వచ్చిన ఒకామెకు ఆడపిల్ల పుట్టింది. అదీ గంగమణి పేరు మీదే.

అప్పటినుంచి ఆమె మధ్యాహ్నాలు మారిపోయాయి. రసం ఉడికే తియ్యటి వాసన గాలిలో బరువుగా నిలిచి, కళ్లు వాటంతటవే మూతపడే వేళ, చెరకు సాళ్లలో నుంచి ఆ ఇద్దరూ నడిచి వచ్చేవారు. చూస్తే దేవవ్వ కొడుకూ కాదు, మోర్తాడామె బిడ్డా కాదు. ముఖాలు సరిగా ఆనవు. కన్నతల్లిని పిలిచినట్టు అవ్వా అని పిలిచి, పక్కలో దూరి, ఆమె గాజులతో ఆడుకునేవారు. లేచి తడిమితే ఆ చోటు ఇంకా వెచ్చగా ఉన్నట్టే ఉండేది. పిచ్చి అనండి, ఇంకేమైనా అనండి, పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అంత సుఖంగా ఎన్నడూ లేదు.

అందుకే చెల్లెలు చంద్రవ్వకు నొప్పులు రాగానే, అడక్కముందే కార్డు తీసి చేతిలో పెట్టింది. తాను చంద్రవ్వనని చెప్పుకుని దవాఖానలో తోడు ఉండిపోయింది. ఆడపిల్ల పుట్టింది. ఇక ముగ్గురు, అనుకుంది గంగమణి.

ఆ సంబరం నిలవలేదు. బాలింతకు జ్వరం పట్టుకుంది. బిళ్లలకు దిగలేదు. చంద్రవ్వ పలవరింతల్లో పడింది. పాత డాక్టరమ్మ బదిలీ అయింది; ఆమె స్థానంలో వచ్చిన కొత్త డాక్టరమ్మకు వీళ్లలో ఒక్క ముఖమూ తెలియదు. కార్డే ఆమెకు ఆధారం. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి నిట్టూర్చింది.

"దీనికి మా దగ్గర పెన్సిలిన్ తప్ప వేరే మందు లేదు. ఈమెకేమో అది పడదని ఎర్రగా గీసి ఉంది. ఇస్తే ప్రాణం పోతుంది. ఇయ్యకపోయినా ఎక్కువసేపు నిలిచేటట్టు లేదు."

గంగమణి ఒళ్లో పసిది నిద్రపోతోంది. ఆ గీత ఎందుకు గీశారో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. నోరు తెరవబోయేసరికి మంచం కాళ్ల దగ్గర మధ్యాహ్నాలు వచ్చే ఆ ఇద్దరు పిల్లలూ కనిపించారు. ఆమె మాట్లాడితే తాము ఉండమన్నట్టు చూస్తున్నారు. సిగ్గుచేటే గానీ, గంగమణి ఆ ఘడియలో చెల్లెలిని కాదు, వాళ్లనే చూసింది. అంతలో చంద్రవ్వ "అక్కా" అని మూలిగింది.

"అమ్మా, గా గీత ఆమెది గాదు, నాది" అంది గంగమణి. "గంగమణిని నేను. గిది నా చెల్లె చంద్రవ్వ."

"మరి ఈ కాన్పులు?"

"గవి నాయి గావు. కార్డు అందరికిచ్చిన."

డాక్టరమ్మ తిట్టాల్సినంతా తిట్టింది. తిడుతూనే చంద్రవ్వ చేతిలోకి చుక్క మందు ఎక్కించి, చర్మం పొంగుతుందేమోనని కూర్చుని చూసింది. పొంగలేదు. సూది వేసింది. మర్నాటికి వేడి తగ్గి, చంద్రవ్వ తనంతట తాను నీళ్లడిగింది. గంగమణి ఆ నీళ్లు తాగించి, పక్కకు తిరిగి ఏడ్చింది.

అప్పుడు సాలేహా రెండు కొత్త కార్డులు పట్టుకుని వార్డులోకి వచ్చింది. పాత కార్డు మోకాలి మీద పెట్టుకుని, గంగమణివి కాని వరసలు ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయింది.

"నీది కాని రోగం నీ పేరు మీద ఉంటే రేపు నీ పానం మీదికే వస్తదక్కా" అంది మెత్తగా.

గంగమణి తల ఊపింది. ఏ వరస ఎవరిదో ఆమె వేలికి తెలుసు. దేవవ్వ కాన్పు మీద కలం నడిచినప్పుడు చూసింది. మోర్తాడామెది కొట్టేసినప్పుడు చూడలేకపోయింది. చంద్రవ్వ కార్డు రాయడం అయింది. సాలేహా చివరి కార్డు తీసి, పైన ఎర్ర గీత గీసి, పేరూ ఊరూ వయసూ రాసుకుంది.

"పిల్లలెందరక్కా?"

గంగమణి ఒళ్లో పసిది మెదిలింది. చిన్న పిడికిలి ఆమె గాజును పట్టుకుంది. గంగమణి ఆ వేళ్లను మెల్లగా విడిపించింది.

"లేరు" అంది.

సాలేహా కలం ఆపి పసిదాని వంకా, ఆమె వంకా చూసింది.

"రాయి బిడ్డా, లేరని రాయి. గీ పిల్ల మా చంద్రవ్వది."