తడిగాలి జాడీలు

పెంకు పురుగుల మీద పరిశోధన చేస్తుంది కాబట్టి ల్యాబులో ఆమెను అందరూ పెంకి అనేవాళ్లు. ఆ మాటకున్న రెండో అర్థమూ ఆమెకు అతికినట్టు సరిపోయిందని చాటుగా నవ్వుకునేవాళ్లు.

పురుగుల ఒంట్లో నీరు ఎలా ఆరిపోతుందో చూడడం ఆమె పని. జాడీల్లో వాటిని ఉంచి, వేడి పెంచి, బరువు ఎంత తగ్గిందో తూచేది. వాటిని ఎండబెట్టేది వేడేనని ఆమె ప్రొఫెసర్ ఏళ్లుగా చెబుతున్న మాట. ఆయన పేరంతా దానిమీదే నిలబడింది. కానీ ఆయన వాడినవన్నీ పొడిగాలి జాడీలే.

పెంకి కొన్ని జాడీల అడుగున తడి ఉప్పు పోసి లోపలి గాలికి తేమ పట్టించింది. అంతే వేడిలో పొడి జాడీల పురుగులు తేలికైపోయి వెల్లకిలా పడ్డాయి. తేమలో ఉన్నవి గాజు గోడ ఎక్కుతూ, జారుతూ, మళ్లీ ఎక్కుతున్నాయి. వేడి మరీ ముదిరి, ఒంట్లో నీటిని ఆపే పెంకు మీది మైనం పొర మెత్తబడ్డాక గానీ అవి నీరసించలేదు.

"తడి జాడీల ఊసు సెమినార్లో ఎత్తకు," అన్నారు ప్రొఫెసర్.

"ఎందుకు సార్?"

"నిన్ను చేరదీసింది నేను. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"వాసం పుచ్చితే చెప్పాలి కద సార్. కప్పు కూలితే మనందరి మీదా పడుతుంది."

సెమినార్లో ఆమె రెండు రకాల ఫలితాలూ చూపించింది. "అయితే ఇన్నాళ్లూ విన్నది తప్పా?" అని ముందు వరసలోంచి ఎవరో అడిగారు.

"సగమే నిజమండీ. వేడితో పాటు గాలిలో తేమ ఎంతుందో కూడా చూడాలి," అంది, ప్రొఫెసర్ వైపు చూస్తూనే.

సాయంత్రానికల్లా ఆమె దగ్గర ల్యాబు తాళంచెవి తీసుకున్నారు. జాడీలు వరండాలోకి చేరాయి. వాటిని మోసుకుని పెంకి తన అక్క కుట్టుదుకాణానికి వెళ్లింది.

"బట్టల మధ్య పురుగులేంటే! ఆయన్ని బతిమాలుకుంటే పోలా?"

"కళ్లారా చూసింది చూడలేదని ఎలా చెప్పనక్కా?"

అక్క విసుక్కుంటూనే తానులు జరిపి ఒక అర ఖాళీ చేసింది. "ఒక్క మూత ఊడిందో, నిన్నూ వాటినీ కలిపి ఊడ్చేస్తా."

పెంకి చెక్కపెట్టెలో బల్బు పెట్టి వేడి చేసింది. వీధి చివరి కంసాలి త్రాసు అరువు తెచ్చింది. మళ్లీ అదే ఫలితం వచ్చింది.

తడి జాడీలు వదిలేస్తే తిరిగి రావచ్చని ప్రొఫెసర్ కబురు పంపారు. "జాడీలతోనే వస్తానని చెప్పండి," అంది. మళ్లీ కబురు రాలేదు.

ఆమె వ్యాసాన్ని రెండు పత్రికలు తిప్పి పంపాయి. మూడోది వేసుకుంది. పరిశోధన జరిగిన సంస్థ పేరు అడిగితే, అక్క కుట్టుదుకాణం పేరే రాసింది.